ఊడబోయే పాలపన్ను అడుగున కొత్త పన్ను ఎప్పటి నుంచి ఉంటుంది?

సందేహజీవి:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఏడేళ్ళు నిండాయి. కింది ముందు పళ్ళు రెండూ ఇదివరకే ఊడి కొత్తవి వచ్చాయి. ఇప్పుడు పై ముందు పన్ను కదులుతోంది. వెనక దవడపన్ను ఒకటి పుచ్చిందేమోనన్న అనుమానంతో వైద్యుల దగ్గరికి తీసుకువెళితే, రెండు దవడలూ ఒకే చిత్రంలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయించారు. ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూసిన దగ్గర నుంచి నాకు మరో ధ్యాస లేదు. నోట్లో కనిపించే పళ్ళ వరస ఒకటి ఉంది, సరే. కానీ ఎముక లోపల ఇంకొక వరస ఉంది. వాటిలో కొన్నిటికి తల పూర్తిగా తయారైనా వేరు ఇంకా మొదలు కాలేదు, కొన్ని బోర్లించిన చిన్న చిప్పల్లా ఉన్నాయి, దవడ చివరన ఒకచోటైతే పన్ను అనదగినదేదీ లేక గుండ్రటి నల్లని ఖాళీ మాత్రమే ఉంది.

పాలపన్ను వేరు నుంచే కొత్త పన్ను పుడుతుందని చిన్నప్పుడు విన్నాను. ఆ చిత్రం చూస్తే అలా అనిపించలేదు. ఇవన్నీ ఎప్పుడు మొదలయ్యాయి? ఒకటి ఉలిలాగా, ఒకటి రోలులాగా తయారు కావాలని ఎవరు నిర్ణయిస్తారు? తెలిసినవారు ఓపికగా వివరించగలరని ప్రార్థన.

పంటి డాక్టరు:

సందేహజీవి గారూ, మీరు చూసినది మామూలు విషయమే అయినా, మొదటిసారి చూసిన తల్లిదండ్రులందరూ ఇలాగే ఆశ్చర్యపోతారు. నేను పిల్లల దంతవైద్యంలో ఉన్నాను కాబట్టి ముందు కాలక్రమం చెబుతాను, లోపలి రహస్యాలు మన పిండశాస్త్రం చదివే సభ్యులు చెబుతారు.

పళ్ళ కథ పుట్టుకతో కాదు, గర్భంలో ఆరో వారం ప్రాంతంలో మొదలవుతుంది. అప్పటికి పిండం బొటనవేలి గోరంత కూడా ఉండదు. కాబోయే నోటి లోపలి పొర రెండు దవడల వెంబడి గుర్రపు నాడా ఆకారంలో కాస్త మందమై లోపలికి దిగుతుంది. దానినే దంతపట్టీ అంటాము. ఆ పట్టీ మీద దవడకు పది చొప్పున మొగ్గలు లేస్తాయి. 20 పాలపళ్ళకు అవే మూలం. పద్నాలుగో వారం అటూ ఇటుగా వాటిలో ఖనిజం పేరుకోవడం ఆరంభమవుతుంది. బిడ్డ పుట్టేనాటికి చిగుళ్ళు నున్నగా బోసిగా ఉన్నా, లోపల 20 పళ్ళూ వివిధ దశల్లో గట్టిపడుతూ ఉంటాయి.

శాశ్వత దంతాలు రెండు తెగలు. ముందు పళ్ళు, కోరపళ్ళు, వాటి వెనక వచ్చే చిన్న దవడపళ్ళు పాలపళ్ళ స్థానంలో వస్తాయి. పాలపన్ను మొగ్గకు నాలుక వైపున దంతపట్టీ నుంచే ఇంకొక కొమ్మ చీలి వీటికి మొగ్గ తొడుగుతుంది. పెద్ద దవడపళ్ళు అలా కాదు. దవడ పెరిగేకొద్దీ దంతపట్టీ వెనక్కి సాగుతూ పోయి, ఆ సాగిన భాగం మీద ఒకదాని తరవాత ఒకటిగా మొగ్గలు వేస్తుంది. ఆరేళ్ళకు వచ్చే మొదటి పెద్ద దవడపన్ను ఏ పాలపంటినీ ఊడగొట్టకుండా వెనక నుంచి నిశ్శబ్దంగా వస్తుంది కనుక దాన్ని పాలపన్నే అనుకుని అశ్రద్ధ చేసే తల్లిదండ్రులు నాకు వారానికి ఒకరైనా కనబడతారు.

మీరు చూసిన ఆ నల్లని గుండ్రటి ఖాళీ జ్ఞానదంతానికి సిద్ధమైన గూడు. ఖనిజం ఇంకా చేరలేదు కాబట్టి ఎక్స్‌రేలో పన్ను కనిపించదు. సాధారణంగా ఏడు నుంచి పదేళ్ళ మధ్య అది గట్టిపడటం మొదలవుతుంది.

పాత పుస్తకాల పురుగు:

చిన్నప్పుడు మీరు విన్న మాటకు పెద్ద చరిత్రే ఉంది. శరీర నిర్మాణశాస్త్రంలో దిగ్గజమైన వెసేలియస్ కూడా పాలపంటి వేరు మిగులు నుంచే శాశ్వత దంతం వస్తుందని నమ్మాడు. దాన్ని సరిదిద్దినవాడు ఇటలీకి చెందిన బార్తొలొమియో యూస్టాచి. ఆయన 1563లో కేవలం పళ్ళ మీదనే ఒక చిన్న గ్రంథం ప్రచురించాడు. పిండాలనూ పసిపిల్లల దవడలనూ కోసి చూసి, రెండు వరసలకూ వేరువేరు మొగ్గలు ఉంటాయని చూపించాడు. సూక్ష్మదర్శిని చేతికి రాని కాలంలో కత్తితోనూ కంటితోనూ ఇంత తేల్చడం చిన్న సంగతి కాదు.

గంట దశ:

నా సభ్యనామం చూసి కొందరు దేవాలయానికి సంబంధించినదనుకుంటారు. అది నిజానికి పంటి ఎదుగుదలలో ఒక దశ పేరు. నేను పిండశాస్త్రం చదువుతున్నాను. ఈ విషయం మీద గంటల కొద్దీ సూక్ష్మదర్శినిలో గాజు పలకలు చూశాను కనుక కాస్త విపులంగా రాస్తాను, మన్నించండి.

పన్ను ఒక్క జాతి కణాల పని కాదు. పైన నోటిని కప్పే ఉపకళ అనే పైపొర ఒకటి, దాని అడుగున ఉండే మెత్తని కణజాలం మరొకటి. ఈ రెండోది వచ్చిన తీరు విచిత్రం: పిండం వీపున మెదడూ వెన్నుపామూ తయారయ్యే గాడి అంచుల నుంచి విడివడిన న్యూరల్ క్రెస్ట్ కణాలు ఎంతో దూరం నడిచివచ్చి దవడలో స్థిరపడి ఈ కణజాలమవుతాయి. అంటే పంటి లోపలి భాగానికి మూలం నాడీమండలం పొరుగునే ఉంది.

పైపొర మొగ్గలా కిందికి దిగినప్పుడు దాని చుట్టూ ఈ కణాలు దట్టంగా గుమికూడతాయి. మొగ్గ అడుగుభాగం లోపలికి నొక్కుకుపోయి టోపీలా మారుతుంది. టోపీ అంచులు ఇంకా కిందికి సాగి గంట ఆకారం వస్తుంది. గంట లోహం పంటి పైన గట్టి తొడుగైన ఎనామిల్‌ను తయారుచేసే భాగం, గంట లోపలి బోలులో ఇమిడిన కణాలు దాని కింది పొరైన డెంటైన్‌నూ, పల్ప్ అనే మెత్తని గుజ్జునూ ఇస్తాయి. రెంటినీ కలిపి చుట్టే సంచి నుంచి వేరును కప్పే సిమెంటమ్, పంటిని ఎముకకు పట్టి ఉంచే నార, గూటి ఎముక వస్తాయి.

ఇక ఎవరు ఎవరికి ఆదేశమిస్తారన్న ప్రశ్న. ఎలుక పిండాల మీద చేసిన ప్రయోగాలే దీనికి జవాబిచ్చాయి. 1970లో కొల్లార్, బెయిర్డ్ అనే శాస్త్రజ్ఞులు ఎలుక ముందుపంటి లోపలి కణజాలాన్ని దవడపంటి పైపొరతో జతచేస్తే ముందుపన్నే తయారైంది. తారుమారు చేస్తే దవడపన్ను వచ్చింది. అంతకంటే వింత, కాలి పైచర్మం తెచ్చి పంటి లోపలి కణజాలం మీద కప్పితే, ఆ చర్మం కూడా ఎనామిల్ చేసే పనిలో దిగి పన్ను పూర్తిచేసింది. దీన్నిబట్టి ఆకారాన్ని నిర్ణయించేది లోపలి కణజాలమే అనుకున్నారు. అయితే 1980ల చివర్లో మరికొంత ముందు దశల పిండాలను తీసుకుని చేసిన ప్రయోగాల్లో కథ మలుపు తిరిగింది. తొలి రోజుల్లో ఆదేశించే శక్తి పైపొరదే. దవడకు చెందిన ఆ లేత పైపొర, పళ్ళతో సంబంధం లేని న్యూరల్ క్రెస్ట్ కణాల చేత కూడా పన్ను తయారు చేయించగలదు. కొద్ది రోజులు గడిచాక ఆ అధికారం లోపలి కణజాలానికి బదిలీ అవుతుంది. పెత్తనం చేతులు మారుతుందన్నమాట.

నిక్కచ్చి:

ఒక మాట. పళ్ళంటే ఎముకలే కదా, ఎముక ఎలా పెరుగుతుందో పన్నూ అలాగే పెరుగుతుందని చెబితే సరిపోయేదానికి ఇంత విస్తారం అవసరమా? పిల్లలకు పళ్ళొచ్చే వయసులో కాల్షియం సరిగా అందితే పళ్ళు గట్టిగా వస్తాయన్నది అందరికీ తెలిసిన విషయమే.

విశ్రాంత మాస్టారు:

నిక్కచ్చి గారూ, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి కనుక ఈ పొరపాటు నాకు పాత మిత్రుడు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎందుకంటే దానిలో సజీవ కణాలూ రక్తనాళాలూ ఉన్నాయి, జీవితాంతం అది కరుగుతూ కట్టుకుంటూ ఉంటుంది. ఎనామిల్‌లో ఒక్క కణం కూడా లేదు. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. డెంటైన్‌లో ఖనిజం 70 శాతం ప్రాంతంలో ఉంటుంది, మిగతాది కొల్లాజన్ వంటి సేంద్రియ పదార్థమూ నీరూ. ఆ రెండు పొరలూ ఎలా తయారవుతాయో తెలిస్తే ఎనామిల్ ఎందుకు తిరిగి పెరగదో దానంతట అదే అర్థమవుతుంది.

గంట దశలో రెండు జాతుల కణాలు ఎదురెదురుగా ఒక సన్నని గీత మీద నిలబడతాయి. తరగతిలో నేను దీన్ని ఇద్దరు తాపీమేస్త్రీల పోలికతో చెప్పేవాణ్ణి. ఇద్దరూ ఒకే గీత దగ్గర ముఖాముఖి నిలబడి, తమ ముందు గోడ కడుతూ వెనక్కి అడుగులు వేస్తూ పోతారు. లోపలి మేస్త్రీ ముందు మొదలుపెడతాడు, అతను కట్టేది డెంటైన్. దాని తొలి పొర పడ్డాకే రెండో మేస్త్రీ, అంటే ఎనామిల్ కణం, పని అందుకుంటాడు. రోజుకు సుమారు నాలుగు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యింట నాలుగు వంతులు మాత్రమే గోడ లేస్తుంది. ఇద్దరి మధ్య తేడా ఆఖరున తెలుస్తుంది. లోపలి మేస్త్రీ గుజ్జు అంచున జీవితాంతం నిలబడి ఉంటాడు. అతని సన్నని చెయ్యి డెంటైన్ గొట్టంలో ఇంకా చాచి ఉంటుంది, అవసరమైతే మరికొంత గోడ కడతాడు. బయటి మేస్త్రీ పంటి పైతలాన్ని చేరేవరకూ కట్టి, తరవాత ఖనిజాన్ని గట్టిపరిచే పని ముగించి, పన్ను చిగురు చీల్చుకు వచ్చేటప్పుడు అంతరించిపోతాడు. కట్టినవాడే లేని గోడకు మరమ్మతు ఎవరు చేస్తారు?

పంటి డాక్టరు:

మాస్టారి పోలికను రేపటి నుంచి నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు కూడా చెబుతాను. నిక్కచ్చి గారి రెండో మాటకు నేను జవాబిస్తాను. పాలపళ్ళు వచ్చే వయసులో, అంటే ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపు, బిడ్డకు ఇచ్చే కాల్షియం అప్పుడు నోట్లో కనిపిస్తున్న పంటి తలలోకి వెళ్ళదు, ఆ తల అప్పటికే తయారైపోయింది. పాలపళ్ళ ఎనామిల్ అంతా పుట్టిన ఏడాదిలోపు పూర్తవుతుంది. ఆ వయసులో లోపల తయారవుతున్నవి శాశ్వత దంతాలు. పుట్టుక సమయానికి మొదటి పెద్ద దవడపన్ను గట్టిపడటం ఆరంభిస్తుంది, మూడు నాలుగు నెలలకు ముందు పళ్ళు, నాలుగైదు నెలలకు కోరపళ్ళు మొదలవుతాయి. పోషకాహారం, విటమిన్ డి అవసరం లేవని కాదు. ఏ నెలలో ఏ పన్ను గట్టిపడుతోందో తెలిస్తేనే ఏ లోపం ఎక్కడ కనిపిస్తుందో అర్థమవుతుందని నా ఉద్దేశం.

నిక్కచ్చి:

ఒప్పుకుంటున్నాను. ఎముక మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ కణాలకు కొలబద్ద లేదు కదా, దవడపంటి మీద ఉండే కొనలు అంత కచ్చితంగా అక్కడే ఎలా లేస్తాయి?

గంట దశ:

మంచి ప్రశ్న. టోపీ దశలో టోపీ లోపలి నడిమధ్యన కొన్ని కణాలు ముడిలా గుమికూడతాయి. వీటిని ఎనామిల్ ముడి అంటారు. ఆ ముడిలోని కణాలు తాము విభజన చెందవు, కానీ చుట్టూ ఉన్నవాటిని విభజన చెందమని ప్రొటీన్ల ద్వారా సంకేతాలు పంపుతాయి. ముడి నిలిచిపోయి పక్కలు పెరగడం వల్ల పొర మడతపడుతుంది. పని అయ్యాక ఆ ముడి కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. దవడపళ్ళలో గంట దశకు చేరేటప్పటికి, కాబోయే ఒక్కో కొన దగ్గర ఒక్కో కొత్త ముడి లేస్తుంది. ముడుల మధ్య దూరమే కొనల మధ్య దూరం. మీ నోట్లోని దవడపంటి మీద నాలుక పెట్టి చూడండి, తగిలే ప్రతి శిఖరమూ ఒకప్పుడు కొద్దిరోజులు బతికి పోయిన ఒక ముడి ఉన్న చోటు.

ఈ సంకేతాలకు ఆధారమైన జన్యువుల్లో ఎమ్‌ఎస్‌ఎక్స్ 1, పాక్స్ 9 అనేవి రెండు. వీటిలో లోపం ఉన్న కుటుంబాల్లో కొందరికి కొన్ని పళ్ళు అసలు మొగ్గే తొడగవు. పాక్స్ 9 లోపంలో ఎక్కువగా దెబ్బతినేవి పెద్ద దవడపళ్ళు.

పాత పుస్తకాల పురుగు:

పక్కదారి అనుకోకపోతే, కోడికి పళ్ళు మొలిపించిన సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. పక్షుల పూర్వీకులకు పళ్ళుండేవి, కోట్ల ఏళ్ళ క్రితం పోయాయి. 1980లో కొల్లార్, ఫిషర్ ఇద్దరూ కోడిపిండం పైపొరను ఎలుక పంటి కణజాలంతో జతచేసి పంటివంటి నిర్మాణాలు వచ్చాయని ప్రకటించారు. ఆ నమూనాలో ఎలుక కణాలు కలిసిపోయి ఉండవచ్చునని తరవాత అభ్యంతరాలు వచ్చాయి. 2006లో మాత్రం సహజంగా ఒక జన్యులోపం ఉన్న కోడిపిండాల దవడల్లో మొసలి పళ్ళను పోలిన మొనదేలిన చిన్న మొలకలు కనిపించాయి. ఎనామిల్ తయారుచేసే ప్రధాన ప్రొటీను జన్యువు కోళ్ళలో పాడైపోయింది కనుక వాటి మీద నిజమైన ఎనామిల్ మాత్రం రాదు.

ఇద్దరు పిల్లల తల్లి:

మా పెద్దబాబుకు కొత్తగా వచ్చిన ముందు పళ్ళ మీద తెల్లని మచ్చలు ఉన్నాయి, దవడపంటి మీద ఒకచోట గోధుమరంగు ఉండి ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. పాలపళ్ళు మాత్రం చక్కగా ఉండేవి. బ్రష్ చేయించడంలో నా లోపమేనని ఇంట్లో అందరూ అంటున్నారు. పై వివరణ చదివాక నాకు వేరే అనుమానం కలుగుతోంది.

పంటి డాక్టరు:

అమ్మా, మీ అనుమానం సరైన దారిలోనే ఉంది. ముందు పళ్ళూ, మొదటి పెద్ద దవడపళ్ళూ రెండూ పుట్టుక నుంచి మొదటి మూడేళ్ళలో గట్టిపడతాయి. ఈ రెండిటి మీదే మచ్చలు ఉండి తక్కినవి బాగుంటే, ఆ కాలంలో ఎనామిల్ కణాల పనికి ఆటంకం కలిగిందని భావిస్తాము. ఈ జంట లోపానికి 2001 నుంచి వైద్యులు ప్రత్యేకంగా ఒక పేరే వాడుతున్నారు. కారణం ఒక్కటే అని ఎవరూ తేల్చలేదు. తొలి ఏళ్ళలో వచ్చే జబ్బులను ముఖ్యంగా అనుమానిస్తారు. బ్రష్షు దీనికి కారణం కాదు. కాకపోతే ఇలాంటి ఎనామిల్ బలహీనంగా ఉండి త్వరగా రాలుతుంది కనుక, ఆలస్యం చేయకుండా దవడపంటిని చూపించండి.

తేడా ఎక్కడ పడుతుందో చెబుతాను. ఎనామిల్ తయారీలో రెండు అంకాలు ఉంటాయి. మొదటి అంకంలో కణాలు ప్రొటీను వల పరిచి, దానిలో సన్నని ఖనిజ స్ఫటికాలు నిలబెడతాయి. ఈ దశలో ఖనిజం 30 శాతం ప్రాంతంలోనే ఉంటుంది. రెండో అంకంలో ఆ ప్రొటీనును ఎంజైములతో తెగగొట్టి బయటికి లాగేసి, ఖాళీ అయిన చోట ఖనిజాన్ని నింపుతాయి. ఈ నింపే పని మొదటి అంకంకన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది. మొదటి అంకంలో దెబ్బతగిలితే ఎనామిల్ పలచబడి గుంటలు పడతాయి, రెండో అంకంలో తగిలితే మందం సరిగానే ఉన్నా రంగు మారి మెత్తగా ఉంటుంది. పళ్ళు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ మితిమీరి ఒంట్లోకి చేరినా రెండో అంకం చెడి మచ్చలు పడతాయి. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కాల్షియంతో జతకట్టి తయారవుతున్న పంటిలో చిక్కుకుపోయి పసుపు బూడిద రంగు చారలు మిగిల్చిపోతుంది. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు దాన్ని సాధారణంగా ఇవ్వకపోవడానికి అదే కారణం.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. పాలపన్ను ఎలాగూ ఊడుతుంది కదా అని పుచ్చును వదిలేయకండి. వేరు చివర చీము పడితే, ఆ వేళ్ళ సందులోనే కూర్చుని తయారవుతున్న శాశ్వత దంతం ఎనామిల్ మీద ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది.

విశ్రాంత మాస్టారు:

పన్ను తన దినచర్యను తనలోనే రాసుకుంటుంది. ఎనామిల్ కణం పగలూ రాత్రీ ఒకే వేగంతో పనిచేయదు కనుక, కోసి చూస్తే రోజుకొక అడ్డగీత కనిపిస్తుంది. దానికి తోడు వారం పది రోజులకొకసారి కాస్త ముదురు గీత పడుతుంది. ఈ గీతలను 1837లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆండర్స్ రెట్జియస్ వర్ణించాడు, అవి ఆయన పేరుతోనే నిలిచాయి. వీటన్నిటిలోకీ ప్రత్యేకమైనది జన్మరేఖ. గర్భంలోంచి బయటపడిన రోజుల్లో శరీరంలో కలిగే అలజడి పాలపళ్ళన్నిటిలోనూ, చాలామందికి మొదటి పెద్ద దవడపంటిలోనూ ఒక స్పష్టమైన గీతగా మిగులుతుంది. దానికి ఇవతల ఎనామిల్ బయటి లోకంలో తయారైనది, అవతలిది తల్లి గర్భంలో తయారైనది.

ఎనామిల్ మళ్ళీ మారదు కాబట్టే, 1950, 60 దశకాల్లో అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్ 14ను ఎనామిల్‌లో కొలిచి మనిషి పుట్టిన సంవత్సరాన్ని అంచనా వేయవచ్చునని 2005లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. అంచనా సగటున సుమారు ఏడాదిన్నర తేడాలో వచ్చింది.

సందేహజీవి గారూ, మీ అమ్మాయి కింది కొత్త పళ్ళను ఒకసారి టార్చి వెలుగులో భూతద్దంతో చూడండి. అంచున ఏం కనిపిస్తుందో రాయండి.

సందేహజీవి:

మాస్టారూ, చూశాను. అంచు నున్నగా లేదు. మూడు చిన్న బొడిపెలు, రంపపు పళ్ళలాగా కాక, వేళ్ళ కణుపుల్లా ఉన్నాయి. పంటి ముఖం మీద అడ్డంగా చాలా సన్నని అలలు, తడి ఇసుక మీద ఉన్నట్టు ఉన్నాయి. టార్చి పక్కనుంచి పట్టినప్పుడే కనిపించాయి. ఏదో లోపమనుకుని భయపడ్డాను.

విశ్రాంత మాస్టారు:

లోపం కాదు. ముందు పన్ను ముఖం మూడు విభాగాలుగా గట్టిపడి కలుస్తుంది, ఆ మూడింటి కొనలే ఆ బొడిపెలు. పైవీ కిందవీ ఒరుసుకున్నాక కొన్నేళ్ళకు అరిగి సమమవుతాయి. ఆ అలలు రెట్జియస్ గీతలు పైకి తేలిన చోట్లు. ఒక్కో అల మధ్య దాదాపు వారం నుంచి పది రోజుల ఎడం ఉంటుందనుకోండి. అంటే రెండు మూడేళ్ళ వయసులో మీ అమ్మాయి ఆడుకున్న వారాలనే మీరు భూతద్దంలో చూశారు.

నిక్కచ్చి:

తయారైన పన్ను పైకి ఎలా వస్తుంది? వేరు పొడవు పెరుగుతూ తోస్తుందని మా పాఠ్యపుస్తకంలో ఉండేది.

గంట దశ:

వేరు తోయడం ఒక్కటే చాలదని తేలింది. ముందు వేరు ఎలా వస్తుందో చూద్దాం. గంట రెండంచులూ కలిసి కిందికి ఒక పలచని తొడుగులా సాగుతాయి. జర్మనీకి చెందిన ఆస్కార్ హెర్ట్‌విగ్ 1874లో దీన్ని వర్ణించాడు. వేరు ఎంత పొడవుండాలో, ఒకటా రెండా మూడా అన్నది ఆ తొడుగు ఆకారమే నిర్దేశిస్తుంది. తరవాత అది చిల్లులు పడి తెగిపోతుంది. దాని ముక్కలు పంటి పక్కనే జీవితాంతం మిగిలి ఉంటాయి, ఒక్కోసారి అవే తిత్తులకు కారణమవుతాయి.

పన్ను కదలిక విషయంలో 1980 దశకంలో కేహిల్, మార్క్స్ కుక్కపిల్లల మీద చేసిన ప్రయోగాలు కళ్ళు తెరిపించాయి. పంటి చుట్టూ ఉండే సంచిని తీసేస్తే పన్ను పైకి రాలేదు. సంచిని ఉంచి లోపలి పంటిని తీసి దాని స్థానంలో లోహపు ముక్క పెడితే, ఆ లోహపు ముక్క బయటికి వచ్చింది! పంటి సంచే పైనున్న ఎముకను కరిగించే కణాలను పిలిపించి దారి తవ్విస్తుంది, అడుగున ఎముక పేరేటట్టు చేస్తుంది. చిగురు చీల్చుకుని వచ్చేటప్పటికి వేరు మూడింట రెండు వంతులు మాత్రమే తయారై ఉంటుంది. శాశ్వత దంతాల వేరు పూర్తిగా ముగియడానికి ఆ తరవాత ఇంకా సుమారు మూడేళ్ళు పడుతుంది. కొసరుగా ఒక సంగతి: పిల్లల్లో పళ్ళ కదలికను కొలిచినవారు, అది ఎక్కువగా రాత్రి పొద్దుపోయాక జరుగుతుందని గమనించారు.

ఇద్దరు పిల్లల తల్లి:

పళ్ళు వచ్చేటప్పుడు జ్వరం వస్తుందంటారు కదా, అది?

పంటి డాక్టరు:

చొంగ, చిరాకు, ఒళ్ళు కాస్త వెచ్చబడటం ఉండవచ్చు. ఎక్కువ జ్వరం పళ్ళ వల్ల రాదు, దానికి వేరే కారణం వెతకాలి. పళ్ళ జ్వరమని ఇంట్లో ఉంచుకుని చెవి నొప్పినో మరొకదాన్నో ముదరబెట్టుకున్నవారిని చూశాను.

సందేహజీవి:

నిన్న సాయంత్రం ఆ పన్ను ఊడింది. అరచేతిలో పెట్టుకుని చూశాను. తల మాత్రమే ఉంది, గవ్వ తిరగేసినట్టు లోపల బోలు, దాని అంచులు చీమలు కొరికినట్టు ఎగుడుదిగుడుగా, ఒకచోట ఎర్రటి చుక్క. మధ్యలో నాలుగు రోజులు అది కదలడం మానేసి గట్టిపడినట్టు అనిపించి, ఇక ఊడదేమోనని అనుకున్నాము.

గంట దశ:

మీ చేతిలో ఉన్నదానికి వేరు ఒకప్పుడు తలకంటే పొడుగ్గా ఉండేది. కరిగించే కణాలు దాన్ని తిన్నాయి, ఆ కొరికిన గుర్తులు వాటివే. ఆ పని నిరంతరం సాగదు. కొంతకాలం కరిగించి, మధ్యలో ఆగి సిమెంటమ్ లాంటి పదార్థంతో పూడ్చుకుంటుంది, మళ్ళీ కరిగిస్తుంది. అందుకే కదిలే పన్ను మధ్యలో బిగిసినట్టు అనిపిస్తుంది. అడుగున కొత్త మొగ్గే లేనివారిలో ఈ కరగడం బాగా నెమ్మదిస్తుంది. నలభై ఏళ్ళ వయసులో కూడా పాలపంటితో తిరిగేవారు ఉన్నారు.

నిక్కచ్చి:

మరి మూడో వరస ఎందుకు రాదు?

గంట దశ:

దంతపట్టీ మనలో తన పని ముగించాక ముక్కలై పోతుంది, సొరచేపల్లో పోదు. పంటి మొగ్గను అణచిపెట్టే యూశాగ్ 1 అనే ప్రొటీనును యాంటీబాడీతో అడ్డుకుని, పుట్టుకతో పన్ను లేని ఎలుకల్లో పన్ను మొలిపించినట్టు జపాన్‌లోని క్యోటో పరిశోధకులు 2021లో ప్రచురించారు. 2024లో మనుషుల్లో ఆ మందు భద్రతను పరీక్షించడం మొదలైంది. అంతకుమించి ఇప్పుడే ఏమీ అనలేము.

సందేహజీవి:

ఊడిన పంటి పక్కన పెట్టి చూస్తే కింది కొత్త పళ్ళు పసుపుగా కనిపిస్తున్నాయి. కడగడం చాలడం లేదా?

పంటి డాక్టరు:

పాలపంటి ఎనామిల్ పాలలా తెల్లగా, కాంతిని అడ్డుకునేటట్టు ఉంటుంది. శాశ్వత దంతం ఎనామిల్ ఎక్కువ పారదర్శకం, దాని కింద డెంటైన్ మందమూ ఎక్కువ, డెంటైన్ సహజంగా పసుపు. కొత్త పన్ను లోపలి రంగును చూపిస్తుంది, అంతే.

సందేహజీవి:

అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒకటి చెప్పి ముగిస్తాను. మా చిన్నవాడికి మొన్న నాలుగు నెలలు నిండాయి. ఈ చర్చ చదివాక నిన్న వాడు ఆవులించినప్పుడు టార్చి వేసి చూశాను. కింద, పైన, గులాబీ రంగు చిగురు తప్ప ఒక్క చుక్క తెలుపు లేదు. వాడు నా వేలు పట్టుకుని చిగుళ్ళతో నొక్కాడు. కిందివైపు మధ్యలో రెండు చోట్ల చిగురు అడుగున ఏదో గట్టిగా తగిలింది.